తుపాను రాకముందే ఖర్చు ఎందుకు? ఒడిశా చెప్పే లెక్క

తుపాను రాని ఏడాది విపత్తు సన్నద్ధతకు పెట్టిన డబ్బు దండగలా కనిపిస్తుంది. ఒడిశా తీరం అనుభవం వేరు.

1999 అక్టోబరు 29న సూపర్ సైక్లోన్ జగత్‌సింగ్‌పూర్ తీరాన్ని ఊడ్చేసింది. దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆ డిసెంబరులోనే రాష్ట్రం విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను పెట్టింది. తీరం పొడవునా షెల్టర్లు కట్టింది. 2001లో ఓడ్రాఫ్ దళాన్ని ఏర్పాటు చేసింది.

2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ హెచ్చరికతో సుమారు 10 లక్షల మందిని ముందే తరలించారు; మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. 2019లో పూరీ దగ్గర ఫొని తీరం దాటినప్పుడు 12 లక్షల మందిని తరలించారు. 64 మంది చనిపోయారు. ఇళ్లు, తోటలు పోయినా మనుషులు మిగిలారు.

నిధులు ఎక్కడివి?

2005 విపత్తు నిర్వహణ చట్టం కింద రాష్ట్రాలకు విపత్తు స్పందన నిధి ఉంది. ఒడిశాకు ఇందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25. 2021-26కు 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధుల్లో 80 శాతం స్పందనకు, 20 శాతం ముప్పు తగ్గింపుకు కేటాయించింది. ఆ 80లో సన్నద్ధతకు దక్కేది 10 మాత్రమే.

పూరీ పెంటకోటలో, గోపాల్‌పూర్‌లో మన జాలరి కుటుంబాలు అలల అంచునే ఉంటున్నాయి. షెల్టర్ల మరమ్మతుకు, ఏటా మాక్‌డ్రిల్‌కు, తెలుగులో కూడా హెచ్చరికలకు డబ్బు కేటాయించాలని మేం కోరుతున్నాం. మీ వార్డులో షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో, జనరేటర్ పనిచేస్తోందో ఇప్పుడే అడగండి.