లైసెన్సు రిజిస్టరు, రివాల్వరు మీది గీతలు



ప్రత్యేక సంచికకు సర్వీసులో చూసిన విషయమేదైనా చరిత్రగా వ్రాయమని కార్యవర్గం వారు కోరారు. రెవెన్యూ శాఖలో నేను ఎక్కువ కాలం చూసిన సీటు మెజిస్టీరియల్ సెక్షను. అందులో ఆయుధాల లైసెన్సు ఫైళ్ళు నా చేతి మీదుగా నడిచేవి. కనుక ఆ విషయమే మనవి చేస్తున్నాను.

మన సీమలో ఆయుధాల లెక్క ఈనాటిది కాదు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీ వారికి అప్పగించాక, థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా 1807 వరకు ఉండి పాళెగాళ్ళ సాయుధ బలాన్ని అణచివేశాడు. 1878లో లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోరాదు, తెల్లవారికి మాత్రం మినహాయింపు. స్వతంత్రం వచ్చాక చేసిన 1959 చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చి అందరికీ ఒకే నియమం పెట్టింది. 1882లో బళ్ళారి నుండి విడిపోయిన నాటి నుండి అనంతపురమే మనకు జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, పుట్టపర్తిలోనే కలెక్టరేటు వచ్చింది.

లైసెన్సు రిజిస్టరులో ఆయుధం రకం, తయారీ, బోరు, నంబరు వ్రాస్తాము. ఒంటి మీది గీతలకు కాలమ్ లేదు. పేచీలన్నీ అక్కడే పుట్టేవి. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సుదారులు ఆయుధాలను పోలీసు స్టేషనులో డిపాజిటు చేసి, ఫలితాల తరువాత వెనక్కు తీసుకుంటారు. అప్పుడు "నేనిచ్చినప్పుడు ఈ గీత లేదు, మీ దగ్గరే పడింది" అని అర్జీలు వచ్చేవి. పోలీసు ఆర్మరరును పిలిపించి చూపిస్తే, చాలా వరకు అవి ఎవరూ చేసినవి కావు, వాడకంలో సహజంగా పడినవే అని తేలేది.

ఆ గీతలు ఎందుకు పడతాయో తెలియాలంటే రివాల్వరు చరిత్ర కొంచెం చెప్పాలి. అమెరికాలో కోల్టు 1836లో పేటెంటు పొందిన రివాల్వరులో, ప్రతిసారీ హ్యామరును బొటనవేలితో వెనక్కు లాగాలి. ఇంగ్లండులో రాబర్టు ఆడమ్స్ 1851లో చేసినదానిలో ట్రిగ్గరు నొక్కితే చాలు, హ్యామరు తానే లేచి పడుతుంది. 1856లో బ్యూమాంటు అనే సైనికాధికారి రెండు పద్ధతులనూ ఒకే ఆయుధంలో కలిపాడు. డబుల్ యాక్షన్ అంటే ఇదే. 1887లో బ్రిటిషు సైన్యం వెబ్లీ రివాల్వరును తీసుకుంది. దరిమిలా వెబ్లీ పేరు మన దేశంలోనూ స్థిరపడింది. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారపు .32 రివాల్వరు కూడా వెబ్లీ ఫక్కీలోనిదే.

డబుల్ యాక్షనులో ట్రిగ్గరు లాగిన ప్రతిసారీ తూటాల సిలిండరు ఒక గది తిరుగుతుంది. సరిగ్గా బ్యారెలుకు ఎదురుగా నిలవడానికి, కింద నుండి ఒక చిన్న ఉక్కు మొలక లేచి సిలిండరు మీది గాడిలో పడుతుంది. కోల్టు, స్మిత్ అండ్ వెస్సన్ వంటి రకాలలో ఈ మొలక గాడికి కొంచెం ముందే లేచి ఒరుసుకుంటుంది. అందువల్ల సిలిండరు చుట్టూ సన్నని తెల్లని వలయం ఏర్పడుతుంది. కొత్త ఆయుధానికి కూడా కొద్ది రోజులలోనే ఈ గీత వస్తుంది.

మరికొన్ని గుర్తులు: బ్యారెలు మూతి వద్ద, సిలిండరు అంచుల వద్ద నల్లదనం పోయి ఉక్కు తెల్లబడడం తోలు ఒరలో పెట్టి తీయడం వల్ల. సిలిండరు ముందు భాగాన నల్లని చారలు మందు మసి. తూటాల వెనుక ఉండే పలక మీద పసుపు చారలు ఇత్తడి రాపిడి. ఆ నల్లదనం రంగు కాదు, ఉక్కు పైభాగాన్ని మందులతో మార్చి తెచ్చిన పలుచని పొర. ఆషాఢం గాలికి లేచే మన దుమ్ము ఒరలో చేరితే, తోలు గరుకు కాగితమే అవుతుంది. ఇవేవీ పనితనానికి లోపం కావు. లోతుగా తిన్న తుప్పు, బ్యారెలులో చీలిక, నిలవవలసిన చోట సిలిండరు వదులుగా ఊగడం, గాడి అంచులు నలిగిపోవడం లోపాలు. వాటిని ఆర్మరరు చూడాలి.

ఒక ఉద్యోగి కాలం చేశాక, ఆయన భార్య ఆ రివాల్వరును అమ్మబోయింది. కొనడానికి వచ్చిన వ్యక్తి ఆ వలయం చూపి, "చెడిపోయింది, ఇనుము ధర ఇస్తాను" అన్నాడు. ఆమె కొడుకు అది నమ్మి, గరుకు కాగితంతో రుద్ది మెరుగు పెట్టిస్తానని బయలుదేరాడు. సెక్షనుకు వచ్చి అడిగితే వద్దన్నాము. అలా రుద్దితే గీతతో పాటు నంబరు, పరీక్ష ముద్రలు కూడా అరిగిపోవచ్చు. నంబరు చెరపడం, మార్చడం 1959 చట్టం 8వ సెక్షను ప్రకారం నేరం. నంబరు లేని ఆయుధానికి ఏ రిజిస్టరూ సాక్ష్యం చెప్పదు. ఆర్మరరు చూసి బాగున్నదని వ్రాసి ఇచ్చాక, ఆమెకు తగిన ధరే దొరికింది.

కనుక పెన్షనరు కుటుంబాల వారికి నా విన్నపం. లైసెన్సుదారు కాలం చేస్తే ఆయుధాన్ని బీరువాలో ఉంచుకోవద్దు. 21వ సెక్షను ప్రకారం ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సు గల డీలరు వద్దనో అప్పగించి రసీదు తీసుకోవాలి. తిరిగి పొందే హక్కు, అర్హత గలవారికి అమ్మే హక్కు వారసులకు చట్టమే ఇచ్చింది. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల ఆయుధాలు మూడు నుండి రెండుకు తగ్గాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అప్పగించేటప్పుడు రసీదు మీద నంబరుతో పాటు గీతలు, అరుగుదల గుర్తులు కూడా వ్రాయించుకోండి. రిజిస్టరులో లేని కాలమ్ ఆ రసీదులో ఉంటే రేపు పేచీ ఉండదు.