క్రోషియా అనే కొక్కెం

మనం క్రోషియా అంటున్నది ఫ్రెంచివారి ‘క్రోషే’. అర్థం చిన్న కొక్కెం. పనిముట్టు పేరే పనికీ వచ్చింది.

ఈ కొక్కెం పని తలచుకుంటే నాకు తుపానుకు దెబ్బతిన్న ఒక ఊరు గుర్తొస్తుంది. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని దెబ్బతీసింది. అక్కడి సీసైడ్ హైట్స్ అనే ఊళ్ళో రోలర్ కోస్టర్ సముద్రంలో పడిపోయింది. అలాంటి ఊరిని తలచుకుంటూ స్కార్ఫు అల్లాలంటే క్రోషియాయే తగినదని నా నమ్మకం. వలలోలాగే ఇందులో ఖాళీలూ నమూనాలో భాగమే. తప్పు పడితే అక్కడిదాకా విప్పి, అదే నూలుతో మళ్ళీ అల్లవచ్చు.

తుపానులెరిగిన మన నరసాపురం తీరంలో మాత్రం దీని పేరు లేసు అల్లికే. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ పనిని ఇంటింటి ఆడవాళ్ళు నిలబెట్టారు. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది, అదీ చాలా ఆలస్యంగా.