బాక్టీరియాల మంతనాలు - వరి ఎండాకు తెగులు

రాయలసీమ అనగానే జొన్న, కొర్ర, వేరుసెనగ గుర్తుకు వస్తాయి. అయితే కర్నూలు, కడప ప్రాంతాలలో కాలువ పారిన చోటల్లా వరి పండుతున్నది. తుంగభద్రపై సుంకేసుల దగ్గర కట్టిన ఆనకట్ట నుండి కడప దాకా సాగే కె.సి. కాలువ పనిని 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ ప్రారంభించింది. పడవలు కూడ నడిపి లాభాలు గడించాలని దాని ఆశ. ఆ ఆశ నెరవేరలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసి వచ్చింది. పడవలు పోయినా నీరు మిగిలింది, నీటితో పాటు వరి మిగిలింది.

ఈ కాలువ కింద పేరుపడిన సన్నరకాలలో ముఖ్యమైనది బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ రకం బియ్యాన్నే దూరప్రాంతాలవారు కర్నూలు సోనా అని అడిగి మరీ కొంటారు. దీని అన్నానికి వంక పెట్టేవారు లేరు. పైరుకు మాత్రం ఒక పెద్ద బలహీనత ఉన్నది. ఎండాకు తెగులును ఇది తట్టుకోలేదు.

ఈ తెగులు సోకిన ఆకు కొన నుండి అంచుల వెంబడి, అలలు అలలుగా, పసుపు రంగుకు తిరిగి ఎండిపోతుంది. తెల్లవారుజామున ఆకులపై జిగట బిందువులు కనిపిస్తాయి. ఎండకు అవి గట్టిపడి చిన్న పచ్చని పూసలవుతాయి. ఆ పూసల నిండా బాక్టీరియాలే. తెగులు ఆకును కత్తిరించి గాజుగ్లాసులోని తేట నీటిలో నిలబెడితే, కోసిన చోటు నుండి పాలవంటి ధార దిగుతుంది. బడిలో సులభంగా చేసి చూపదగిన పరీక్ష ఇది. 1884లో జపాన్ రైతులు ఈ తెగులును మొదట గుర్తించారు. మన దేశంలో 1963లో బీహారులో విజృంభించి పైరును ఊడ్చిపెట్టింది. కారణమైన సూక్ష్మజీవి పేరు జాంథోమోనాస్ ఒరైజే.

ఆకు అంచున ఉన్న నీటిరంధ్రం గుండా లోపలికి దూరిన బాక్టీరియాలు మొదట కొద్దిపాటివే. అంత కొద్దిమంది ఒక మొక్కను ఎలా పడగొట్టగలరు? పడగొట్టలేరు. బలగం పెరగాలి. పెరిగిందని వాటికి తెలిసేదెలా?

దీనికి జవాబు సముద్రంలో దొరికింది. 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు వెలుగునిచ్చే ఒక సముద్ర బాక్టీరియాను పెంచుతూ ఒక వింత గమనించారు. సీసాలో బాక్టీరియాలు పలుచగా ఉన్నంతసేపు వెలుగు లేదు. చిక్కబడగానే ఒక్కసారి వెలిగాయి. చిక్కబడిన సీసాలోని ద్రవాన్ని వడగట్టి, పలుచని సీసాలో పోస్తే అవి కూడ ముందుగానే వెలిగాయి. ద్రవంలో ఏదో కబురు ఉన్నదన్నమాట. నిమోనియా బాక్టీరియాలో ఇటువంటి కబురు ఉన్నదని టోమాజ్ 1965లోనే చెప్పినా, ఎక్కువమంది పట్టించుకోలేదు. బాక్టీరియా అంటే ఒంటరి కణమనే నమ్మకం అంత బలమైనది.

వెలుగు బాక్టీరియా కబురు ఏ రసాయనమో 1981లో తేలింది. ప్రతి కణమూ ఆ రసాయనాన్ని కొద్దికొద్దిగా బయటికి వదలుతూ ఉంటుంది. కణాలు పెరిగినకొద్దీ అది చుట్టూ పేరుకుంటుంది. ఒక హద్దు దాటగానే కణంలోని ఒక ప్రోటీనుకు అంటుకుని, అంతవరకు నిద్రిస్తున్న జన్యువులను మేలుకొలుపుతుంది. పంచాయతీ సభకు తగినంతమంది రానిదే తీర్మానం చెల్లదు గదా! 1994లో శాస్త్రజ్ఞులు ఆ కోరం మాటనే తీసుకుని ఈ వ్యవహారానికి పేరు పెట్టారు. పోలిక బాగున్నదని దానిని మరీ సాగదీయరాదు. బాక్టీరియాలకు ఆలోచన లేదు, ఉన్నది రసాయనమే.

కబురును చెరిపివేస్తే? యాంటీబయాటిక్ మందు బాక్టీరియాను చంపుతుంది. చావక మిగిలినవాటి సంతతి మందుకు లొంగదు. కబురు మాత్రమే చెరిపితే అవి బతికే ఉంటాయి, కూడబలుక్కోలేవు. కనుక మొండితనం నెమ్మదిగా పెరుగుతుందని ఆశ. 2001లో సింగపూరులో లియాన్‌హుయ్ జాంగ్ బృందం, కబురును విరిచే ఒక ఎంజైము జన్యువును మట్టి బాక్టీరియా నుండి తీసి పొగాకు, బంగాళాదుంప మొక్కలలో పెట్టింది. ఆ మొక్కలు కుళ్ళు తెగులును చక్కగా ఎదిరించాయి.

వరి బాక్టీరియా భాష వేరు. దాని జాతికి చెందిన, క్యాబేజీని పట్టే బాక్టీరియాలో 1997లో ఇంగ్లండులో ఒక కబురు కనుగొన్నారు. అది ఒక కొవ్వు ఆమ్లమని 2004లో తేలింది. ఈ మధ్యలో, 2002లో, హైదరాబాదు సి.సి.ఎం.బి.లో సుభదీప్ ఛటర్జీ, రమేశ్ సొంటి ముఖ్యమైన సంగతి వెల్లడించారు. ఆ కబురును తయారుచేసే జన్యువు చెడిన వరి బాక్టీరియాలు తెగులు కలిగించే శక్తిని కోల్పోయాయి. ఇనుము తక్కువైన చోట పెరగలేకపోయాయి కూడ. 2015లో హైదరాబాదులోనే ఛటర్జీ బృందం, వరిపై చారల తెగులు తెచ్చే దగ్గరి బంధువులో, ఇనుమును లోపలికి లాగుకోవటానికి ఈ కబురే తోడ్పడుతున్నదని చూపింది.

ఇక కబురు చెరిపితే చాలుననుకోవచ్చునా? కాలిఫోర్నియా ద్రాక్షతోటలు తొందరపడవద్దన్నాయి. ద్రాక్షను చంపే జైలెల్లా అనే బాక్టీరియాలో కబురు జన్యువును తీసివేస్తే, 2004లో తెగులు తగ్గటానికి బదులు ఎక్కువైంది! అక్కడ కబురుకు అర్థం 'కదలక అంటిపెట్టుకుని ఉండండి' అని. అందుచేత లిండో బృందం ఎదురుదారి పట్టి, ద్రాక్షతీగె చేతనే ఆ కబురును విరివిగా తయారుచేయించింది. బాక్టీరియాలు తికమకపడి, తెగులు తగ్గినట్లు 2014లో ప్రకటించింది. ఒకే జాబును ఇద్దరు రెండు రకాలుగా చదివినట్లున్నది.

వరిరైతుకు ఈలోగా మరొక దారిన ఉపకారం జరిగింది. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. కలిసి సాంబ మసూరిలోనికి మూడు నిరోధక జన్యువులను సంకరణ ద్వారా చేర్చి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని విడుదల చేశాయి. వాటిలో ఎక్స్.ఎ. 21 అనే జన్యువు ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చింది. ఈ జన్యువు బాక్టీరియాల కోరం కబురునే చాటుగా వింటున్నదని పమేలా రోనాల్డ్ ప్రయోగశాల కొంతకాలం భావించింది. అయితే బాక్టీరియా నమూనాలు తారుమారైనట్లు ఆ ప్రయోగశాలవారే గుర్తించి, 2013లో తమ పత్రాలను ఉపసంహరించుకున్నారు. మళ్ళీ మొదటి నుండి వెదికి, 2015లో రాక్స్-ఎక్స్ అనే వేరొక చిన్న ప్రోటీనును పట్టుకున్నారు.

మూడు జన్యువులు ఎందుకంటే, ఒక్క జన్యువే ఉన్న వరిని లొంగదీసుకునే బాక్టీరియాలు పొలాలలో త్వరగానే తయారవుతాయి. మూడింటినీ ఒకేసారి దాటటం వాటికి కష్టం.