ఔషధ ప్రయోగాలు: సంతకానికి ముందు తెలుసుకోవలసినవి

మధుమేహం, కాలేయవాపు వంటి దీర్ఘవ్యాధులకు కనుగొన్న కొత్త మందును అనుమతికి ముందు మనుషులపై పరీక్షించడాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. ఒక కంపెనీ మందును మరో కంపెనీ తయారు చేసినప్పుడు, అది రక్తంలో అదే రీతిన కలుస్తున్నదో లేదో చూడడం బయో ఈక్వివలెన్స్ పరీక్ష. ఇందులో సాధారణంగా ఆరోగ్యవంతులకు మందు ఇచ్చి, పలుమార్లు రక్తం సేకరిస్తారు. ప్రతిఫలంగా కొంత సొమ్ము చెల్లిస్తారు.

పిడుగురాళ్ల ఉదంతం

అప్పటి గుంటూరు, ప్రస్తుత పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్లకు చెందిన పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తరలించి, రొమ్ము క్యాన్సర్ మందుపై ఇటువంటి పరీక్షలు జరిపారన్న ఆరోపణలు 2011 జూన్‌లో వెలుగుచూశాయి. అక్షరజ్ఞానం లేనివారిచేత అర్థంకాని పత్రాలపై సంతకాలు తీసుకున్నారన్నది ప్రధాన ఆరోపణ. కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అప్పట్లో ఆ పరిశోధన సంస్థ అనుమతిని నిలిపివేశారు.

హక్కులు ఇవీ

2019 మార్చిలో వెలువడిన కేంద్ర నిబంధనల ప్రకారం:

* మందు వివరాలు, ముప్పు గురించి అర్థమయ్యే భాషలో చెప్పి, రాతపూర్వక సమ్మతి పొందాలి.
* చదువు రానివారి విషయంలో, పరీక్షతో సంబంధం లేని సాక్షి ఉండాలి.
* నైతిక విలువల కమిటీ ఆమోదం తప్పనిసరి.
* పరీక్ష నుంచి ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే వైదొలగవచ్చు.
* పరీక్ష కారణంగా హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం అందించాలి.

సమ్మతి పత్రం ప్రతిని అడిగి తీసుకోవాలి. పరిహారం కోరే సమయంలో అదే ఆధారమవుతుంది.