శ్రీదేవియు, అదృష్టమును



శరన్నవరాత్రులలో ప్రొద్దుటూరి వాసవీ కన్యకాపరమేశ్వరీ దేవాలయమున అమ్మవారు కరెన్సీ నోట్ల అలంకారముతో ధనలక్ష్మిగా దర్శనమిచ్చిన యొకనాడు మేమును వరుసలో నిలిచియుంటిమి. మా ముందున్న యువకుడు కన్నులు మూసికొని, "అమ్మా, ఈ ఒక్కసారి అదృష్టము కలిసి రానీ" అని వేడుకొనుచుండెను. అతని పిడికిటనున్నది మట్కా చీటీ. నాడు మేమేమియు అనలేదు. అనవలసినది నేడు చెప్పుచున్నాము.

ముందుగా అదృష్టమనగా నేమి? కంటికి కనబడనిది అని పదమునకు అర్థము. నేడు చేసిన యజ్ఞమునకు ఫలము ఎన్నడో కలుగును. ఆ నడుమ కర్మను ఫలముతో ముడివేసి నిలుపునది యేది? దానిని మీమాంసకులు అపూర్వమనిరి. మనము చేసిన కర్మ వలన ఆత్మయందు నిలిచిన ధర్మాధర్మములకే నైయాయికులు అదృష్టమని పేరిడిరి. కావున అదృష్టము ఆకాశము నుండి ఊడిపడునది కాదు, మన చేతి పనియే. ఈ మాట జనుల నోట ఎట్లు తలక్రిందులైనదో యని పాఠశాలలో మా గురువుగారు నవ్వెడివారు.

గుడ్డి అదృష్టమునకు దేవతను కల్పించుకొన్నవారు వేరే కలరు. గ్రీకులకు టైకీ, రోమనులకు ఫోర్చూనా. ఫోర్చూనా ఎవరిని ఎత్తునో, ఎవరిని దించునో ఆమెకే తెలియదని వారి భావన. తిరుగు చక్రము ఆమె గుర్తు. ఆమె చేతనుండు సమృద్ధి కొమ్మునే ధరించిన అర్దోక్షో అను దేవి కుషాణుల నాణెములపై కనబడును. నాల్గవ శతాబ్దమున సముద్రగుప్తుని బంగారు నాణెములపైకిని ఆ రూపమే వచ్చినది. అతని కుమారుడు రెండవ చంద్రగుప్తుని కాలమునకు ఆ దేవి పద్మాసనమున కూర్చుండి, పద్మమును చేతబట్టి, మన లక్ష్మియైనది. విజయనగర ప్రభువైన రెండవ హరిహరరాయలు (1377-1404) ఆమెను నారాయణునితో కూడ నాణెముపై నిలిపెను. ఒంటరి అదృష్టదేవత విష్ణుపత్నియైన తీరు ఇది! ధర్మమును విడిచి ఆమె లేదని చెప్పుటకు ఇంతకన్న చక్కని ముద్ర వేరొకటి మాకు తోచదు.

లక్ష్మి చంచల యందురు. జమ్మలమడుగు దాపున గండికోటను చూచినవారికి ఆ మాట వివరింపనక్కర లేదు. పెమ్మసాని నాయకుల సిరి అంతయు గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైనది. 1652లో అచ్చటికి వచ్చిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే ఒక వింత వ్రాసెను. ఫిరంగులు పోతపోయుటకై మీర్ జుమ్లా దేవాలయముల లోహమూర్తులను తెప్పించెనట. గండికోట గుడిలోని కొన్ని మూర్తులు మాత్రము ఎంత వ్యయము చేసినను కరగలేదట. ఇది అన్యమతస్థుని సాక్ష్యమని గమనింపవలెను. మీర్ జుమ్లా కూడ ఆ సిరిని వెంటబెట్టుకొని పోలేదు. అస్సాము దండయాత్ర నుండి మరలుచు 1663లో మరణించెను.

ఆమె ఎచ్చట నిలుచును? ఋగ్వేద ఖిలమైన శ్రీసూక్తము శ్రీని పిలుచుటతో ఆగదు. ఆకలిదప్పులతో మలినమైన ఆమె అక్క జ్యేష్ఠను ఇల్లు వెడలింపుమనియు కోరుచున్నది. ఆ జ్యేష్ఠకును ఒకప్పుడు పూజలుండెడివి. ఎనిమిదవ శతాబ్దపు కాంచీ కైలాసనాథాలయమున ఆమె శిల్పము కలదు. చెల్లెలిని పిలుచుచు అక్కకు తలుపు తీయువారు నేడును లేకపోలేదు. జూదమాడు ఇంట జరుగుచున్నది అదియే కదా!

జూదరి సంగతి వేదమునకు తెలియనిది కాదు. ఋగ్వేదము దశమ మండలమున 34వ సూక్తము జూదరి గోడు. భార్య దూరమైనది, అత్తగారు ద్వేషించుచున్నది, అప్పు పెరిగినది. పాచికలను తలచినంతనే కాళ్లు అటే లాగుచున్నవి. తుదకు సవితృదేవుడు అతనికి మంత్రమును గాని తాయెత్తును గాని ఈయలేదు. పాచికలు విడిచి పొలము దున్నుకొమ్మని చెప్పెను. పులివెందుల ప్రాంతమున నీటిచుక్కకై బోర్లు వేయించి చీనీచెట్లను బిడ్డలవలె సాకుచున్న రైతు ఆ సూక్తమును చదివియుండడు. చదువనక్కరయు లేదు.

ఆ యువకునికి చదివి వినిపింపవలసినది. మేము ప్రదక్షిణము ముగించి వచ్చునంతలో అతడు ప్రసాదము పుచ్చుకొని జనములో కలిసిపోయెను.