ఏమీ గుర్తుంచుకోని సర్వర్: ఎన్‌ఎఫ్‌ఎస్ తొలి పదిహేనేళ్ళు

“ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్.” 1990 ప్రాంతాల్లో సన్ వర్క్‌స్టేషన్ల మీద పనిచేసినవారికి ఈ వాక్యం చిరపరిచితం. తెర మీద ఆ వరుస కనిపించాక ఆదేశాలు కదలవు; ప్రోసెస్‌ను చంపుదామన్నా చావదు. కాసేపటికి సర్వర్ బాగానే ఉందంటూ మరో వరుస వస్తుంది. ఆగిన పని ఆగినచోటి నుంచే సాగిపోతుంది. దీన్ని లోపమనుకోవడం సహజం. కాని, ఇది రూపకర్తలు కోరి తెచ్చుకున్న ప్రవర్తన. పాత యూనిక్స్ యంత్రాల మధ్య ఫైళ్ళు పంచుకోవడంలో ఎదురయ్యే చిక్కులు పైకి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించినా, వాటిలో చాలావాటి మూలం ఒకే ఒక తొలి నిర్ణయంలో ఉంది.

1982లో స్థాపించిన సన్ మైక్రోసిస్టమ్స్ ప్రధానంగా అమ్మినవి వర్క్‌స్టేషన్లు. డిస్కులు ఖరీదైన ఆ రోజుల్లో, ఒక సర్వర్‌లోని ఫైళ్ళను చుట్టూ ఉన్న యంత్రాలు తమ సొంత ఫైళ్ళలాగే వాడుకోగలగడం ఆ వ్యాపారానికి అవసరం. 1985 వేసవిలో పోర్ట్‌లండ్‌లో జరిగిన యూస్‌నిక్స్ సమావేశంలో రసెల్ శాండ్‌బర్గ్, డేవిడ్ గోల్డ్‌బర్గ్, స్టీవ్ క్లైమన్, డాన్ వాల్ష్, బాబ్ లయన్ తమ రూపకల్పనను వివరించారు. దాని కీలక సూత్రం ఇది: సర్వర్ ఏమీ గుర్తుంచుకోదు. ఏ క్లయింట్ ఏ ఫైలు తెరిచింది, ఎంతవరకు చదివింది అన్న లెక్క దాని దగ్గర ఉండదు. ఏ ఫైలు, ఎన్నో బైటు నుంచి, ఎన్ని బైట్లు అన్న వివరమంతా ప్రతి అభ్యర్థనలోనూ ఉంటుంది. కనుక సర్వర్ కూలి మళ్ళీ లేచినా పునరుద్ధరించవలసిన జ్ఞాపకమేదీ లేదు. క్లయింట్ అడిగినదే మళ్ళీ అడుగుతూ ఉంటే చాలు.

దాదాపు అదే కాలంలో ఏటీ అండ్ టీ తెచ్చిన ఆర్‌ఎఫ్‌ఎస్ ఇందుకు భిన్నమైన దారి పట్టింది. అందులో సర్వర్ అన్నీ గుర్తుంచుకునేది. యూనిక్స్ నియమాలను మరింత నమ్మకంగా పాటించేది. కాని, సర్వర్ కూలితే ఆ జ్ఞాపకమూ పోయేది. సన్ తన ప్రోటోకాల్‌ను అందరికీ వెల్లడి చేసింది. 1989 మార్చిలో అది ఆర్‌ఎఫ్‌సీ 1094గా వెలువడింది. నిలిచింది ఎన్‌ఎఫ్‌ఎస్సే.

అయితే మరపుకు మూల్యం ఉంది. ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ అన్న ఫిర్యాదునే చూడండి. రెండవ వెర్షన్‌లో హ్యాండిల్ అంటే సర్వర్ ఇచ్చిన 32 బైట్ల చీటీ. సాధారణంగా అందులో ఫైల్‌సిస్టమ్ గుర్తు, ఐనోడ్ సంఖ్య, ఆ ఐనోడ్ ఎన్నోసారి వాడుకలోకి వచ్చిందో తెలిపే సంఖ్య ఉంటాయి. సర్వర్ మీద ఎవరో ఆ ఫైలును తొలగించినా, డిస్కును బ్యాకప్ నుంచి తిరిగి నింపినా క్లయింట్ దగ్గరి చీటీ చెల్లదు. చీటీలు ఎవరి దగ్గర ఉన్నాయో సర్వర్‌కు తెలియదు కనుక ముందుగా హెచ్చరించలేదు. అన్‌మౌంట్ చేసి మళ్ళీ మౌంట్ చేయడమే అప్పట్లో మందు.

తెరిచి ఉన్న ఫైలును తొలగించడం యూనిక్స్‌లో మామూలే. మూసేవరకు అది బతికే ఉంటుంది. ఫైలు తెరిచి ఉందన్న సంగతే తెలియని సర్వర్ ఈ నియమాన్ని ఎలా పాటిస్తుంది? అందుకని క్లయింటే దాన్ని తొలగించకుండా, చుక్కతో మొదలయ్యే ఒక ‘ఎన్‌ఎఫ్‌ఎస్’ పేరు పెట్టి దాచేది. ఈలోగా క్లయింట్ కూలితే ఆ ఫైలు అనాథగా మిగిలిపోయేది. వారం దాటిన ఇలాంటి ఫైళ్ళను ఊడ్చే పని సన్ యంత్రాల క్రాన్ పట్టికలోనే ఉండేది.

అన్నిటికన్నా మోసపుచ్చే చిక్కు మరొకటి. పింగ్ పనిచేస్తుంది. ఆర్‌పీసీఇన్ఫో, షోమౌంట్ సరిగానే జవాబిస్తాయి. డైరెక్టరీ జాబితా వస్తుంది. పెద్ద ఫైలు చదవబోతే మాత్రం అంతా స్తంభిస్తుంది. 8 కిలోబైట్ల యూడీపీ సందేశం ఈథర్నెట్ మీద ఆరు ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఒక్క ముక్క పోయినా ఆరూ మళ్ళీ పంపాలి. బలహీనమైన తీగ మీద మళ్ళీ ఏదో ఒకటి పోతుంది. చదివే, రాసే పరిమాణాలను 1024 బైట్లకు తగ్గిస్తే పని సాగేది. విసుగెత్తి సాఫ్ట్ మౌంట్‌కు మారినవారికి మరో ప్రమాదం ఉండేది: కొన్ని ప్రయత్నాల తరువాత వచ్చే పొరపాటు సంకేతాన్ని ప్రోగ్రామ్ పట్టించుకోకపోతే, సగం రాసిన ఫైలు నిశ్శబ్దంగా మిగిలేది.

అడిగినదే మళ్ళీ అడగడం చదవడానికి హానికరం కాదు. తొలగించడానికి అలా కాదు. తొలగింపు జరిగి, జవాబు దారిలో పోతే, రెండవసారి అడిగినప్పుడు సర్వర్ అటువంటి ఫైలే లేదంటుంది. 1989లో డిజిటల్ సంస్థకు చెందిన చెట్ జుష్చాక్ దీనికి పరిష్కారం చూపాడు: ఇటీవలి అభ్యర్థనలను సర్వర్ కొంతసేపు గుర్తుంచుకోవాలి. తాళాల కోసం లాక్‌డీ, స్టాట్‌డీ అప్పటికే పక్కన కూర్చుని లెక్కలు రాస్తున్నాయి. జ్ఞాపకాన్ని ముందు వాకిలి నుంచి పంపించినా, పెరటి దారిన తిరిగి వస్తూనే ఉంది. చివరికి 2000 డిసెంబరులో వెలువడిన నాలుగవ వెర్షన్ తెరవడాన్నీ తాళాలనూ ప్రోటోకాల్‌లోనే చేర్చి, ఆ జ్ఞాపకానికి గడువు పెట్టింది.

అంతమాత్రాన తొలి నిర్ణయం తప్పని తేల్చలేము. యంత్రాలు తరచుగా కూలే కాలంలో, వేర్వేరు సంస్థల వ్యవస్థల మీద సులువుగా అమర్చుకోగలిగింది ఆ సరళత వల్లనే. పాత సర్వర్‌ను ఇప్పటికీ కాపాడుకొస్తున్నవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ సంగతి సర్వర్‌కు అసలు తెలిసే అవకాశం ఉందా? లేదన్న జవాబు వస్తే, వెతకవలసింది క్లయింట్ వైపునో, మధ్యనున్న తీగలోనో.