మాంత్రికుని ప్రత్యేకాభ్యాసం: నిషేధం నుండి మూల్యం వరకు

1. ఉపోద్ఘాతం:
గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వెలువడింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడలకు ఇదే ఆద్యం. ఇందులోని మాంత్రికుడు ఒకే మంత్రశాఖలో ప్రత్యేకాభ్యాసం చేస్తే, పొందిన బలానికి బదులుగా ఏమి కోల్పోవాలి? ఈ ప్రశ్నకు వివిధ కూర్పులు ఇచ్చిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. నిషేధ దశ:
1975లో పీటర్ ఆరన్సన్ 'ది స్ట్రాటెజిక్ రివ్యూ' పత్రికలో ఇంద్రజాలికుణ్ణి ప్రవేశపెట్టాడు. 1978 నాటి 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్' ఇతనికి ప్రత్యేక మంత్రపట్టికను ఇచ్చి ఉపవర్గంగా స్థిరపరచింది. 1989 నాటి రెండవ కూర్పు ఈ సూత్రాన్ని ఎనిమిది శాఖలకూ విస్తరించింది. ప్రతి మంత్రస్థాయిలో ఒక అదనపు మంత్రం లాభం. విరుద్ధ శాఖల మంత్రాలను నేర్వరాకపోవడం నష్టం. అయితే ఇంద్రజాలికుడు మూడు శాఖలను వదులుకోవలసి రాగా, భవిష్యద్దర్శి ఒక్కదానినే వదులుకున్నాడు. శాఖలు సమానబలం కలవి కానప్పుడు వాటి నష్టాలూ సమానం కావు. 2003 నాటి సవరణ కూర్పు రెండు శాఖల త్యాగాన్ని సామాన్య నియమం చేసింది. భవిష్యద్దర్శికి మాత్రం ఒక్క శాఖ త్యాగమే చాలు. అయినా ఆటగాడు తనకు అక్కరలేని శాఖలనే వదులుకునే వీలు మిగిలింది. అంటే నష్టం పేరుకే నష్టం.

3. మూల్య దశ:
2000లో వచ్చిన బహిరంగ క్రీడా అనుమతిపత్రం ఇతర ప్రచురణకర్తలకు ఈ నియమాలను సవరించే అవకాశం కల్పించింది. ఆ ఆధారంతో 2009లో వెలువడిన 'పాత్‌ఫైండర్' నిషేధాన్ని తొలగించి మూల్యం విధించింది: విరుద్ధ శాఖ మంత్రానికి రెండు మంత్రస్థానాలు వెచ్చించాలి. 2014 నాటి ఐదవ కూర్పు మూల్యాన్ని కూడా విడిచిపెట్టింది. స్వశాఖ మంత్రాలను గ్రంథస్థం చేయడానికి పట్టే కాలమూ ధనమూ సగమైనవి. కోల్పోయేది ఏమీ లేదు. ఆటగాళ్ళ మధ్య సమతుల్యం సులభమైనా, ఎంపికకున్న బరువు తగ్గింది.

4. తాంత్రిక సంప్రదాయంతో పోలిక:
భారతీయ తంత్రగ్రంథాలు శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషం, ఉచ్చాటనం, మారణం అని షట్కర్మలను చెబుతాయి. 16వ శతాబ్దికి చెందిన మహీధరుని 'మంత్రమహోదధి' ప్రతి కర్మకూ దేవత, దిక్కు, ఋతువు, ఆసనం నిర్దేశించింది. ఇక్కడ కట్టుబాటు సాధకుని ఎంపికకు కాక, కర్మాచరణకు వర్తిస్తుంది. క్రీడానియమాలు మంత్రాన్ని దాని స్వభావాన్ని బట్టి విభజించగా, షట్కర్మ విభజన ప్రయోజనాన్ని బట్టి సాగింది.

5. ముగింపు:
2023, 2024 సంవత్సరాలలో భారతీయ క్రీడారూపకర్తల సదస్సు 'ఐజీడీసీ' హైటెక్ సిటీ ప్రాంతంలోని హెచ్.ఐ.సి.సి.లో జరిగింది. సైబరాబాదులో రేపు తెలుగు మాంత్రికునితో క్రీడను రూపొందించేవారికి పై చరిత్ర ఒక హెచ్చరిక, షట్కర్మ విధానం ఒక మార్గం. పాత్రను ఆరంభంలోనే శాశ్వతంగా బంధించే నిషేధం తప్పించుకోదగినదిగా మారింది. నష్టమే లేని ప్రత్యేకాభ్యాసం అర్థాన్ని కోల్పోయింది. కాలం, దిక్కు, ఆసనం వంటి కట్టుబాట్లు ప్రయోగించిన ప్రతిసారీ మూల్యాన్ని కోరుతాయి. కనుక సమతుల్యాన్ని మాంత్రికునిలో కాక మంత్రప్రయోగంలో వెదకడం సమంజసం.